తాడు కట్టని పలక

పోయిన వారం చిన్నతల్లిని నెత్తిన పలకతో భావనపాడు ఇసుకలో నిలబెట్టేసి, మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా అలాగే మోస్తూ నిలబడి ఉంది. ఎదురుగా తండ్రి జోగయ్య రెండు చేతులూ చాచి అడ్డంగా నిలుచున్నాడు. "ఇంకొక్క పేజీ రాస్తే మీ చెయ్యి అరిగిపోతుందా?" అని టెక్కలి నుంచి ఒకావిడ నిష్ఠూరంగా ఉత్తరం రాశారు. అరిగిపోదమ్మా. పత్రికవాళ్ళు ఇచ్చిన చోటు అంతే, నేనేం చెయ్యను? ఈ వారం పలక దింపించి తీరతాను. కొత్తగా చదువుతున్నవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి, ముందు వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పనివ్వండి.

కిందటేడు, అంటే అరవైఏడులో, మిషన్ ఆస్పత్రికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక దొర భావనపాడులో నాలుగు రోజులు మకాం వేశాడు. వెంట తెల్లటి నున్నటి పలక ఒకటి తెచ్చుకున్నాడు. దాని మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి వెళ్ళేవాడు. కెరటం లేవగానే దాని మీద నిలబడి ఒడ్డుకు వచ్చేవాడు. తెల్లారి లేస్తే అదే పని. ఊరంతా పనులు మానుకుని చూసింది, నవ్వుకుంది, ఇళ్ళకు పోయింది. చేపల తట్ట చంకన పెట్టుకుని చూసిన చిన్నతల్లి మాత్రం నవ్వలేదు. దొర వెళ్ళిపోయాడు, పలకా వెళ్ళిపోయింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళ ఈ పిల్లకు తిండి సయించడం మానేసింది.

ఏడాదిపాటు పోరాక, తెప్పలు చెక్కే ముసలి కూర్మయ్య మెత్తబడ్డాడు. సాలూరు లారీ మీద వచ్చిన బూరుగు దుంగలు మూడు అతని పాకలో ఉన్నాయి. చిన్నతల్లి కళ్ళు నేరుగా సన్నటి దాని మీద పడ్డాయి. అచ్చం దొర పలకలాగే సొగసుగా ఉంది మరి. నర్సు దేవమణి వద్దంది. ఈమె గజపతినగరం పిల్ల, మిషన్ ఆస్పత్రి తరఫున ఈ ఊళ్ళో పురుళ్ళు పోస్తుంది. దొర మాటల్ని ఊరికి తెలుగులో చెప్పింది ఈమే. "సన్నపలక బాగా ఆట వచ్చినవాళ్ళకే అన్నాడు. నేర్చుకునేవాళ్ళకి మొదటిది పొడుగ్గా, వెడల్పుగా, మందంగా ఉండాలట" అంది. చిన్నతల్లి వింటేగా! కూర్మయ్య వాదన పెట్టుకోలేదు. మూడు దుంగల్నీ ఉప్పుటేటిలో వేసి, ఒక్కొక్కదాని మీదా పడుకోమన్నాడు. సన్నది ఆ పిల్లను గెడ్డం దాకా ముంచింది. రెండోది పక్కకు బోర్లించేసింది. మూడోది, అన్నిటికంటే అనాకారిది, ఏమీ ఎరగనట్టు మోసుకుపోయింది.

"గేది ఈపులాగున్నాది తాతా. దీని మీదెక్కితే ఊరు నవ్వుతాది" అని మూతి ముడిచింది చిన్నతల్లి.

"సన్నదాని మీంచి పడితే నవ్వదేటి? ఎలాగూ నవ్వుతాది. నిన్ను మోసిందాన్నే తీసుకో" అన్నాడు కూర్మయ్య. పదకొండు రోజులు చెక్కాడు. ఆరు మూరల పొడుగు, మూరకు బెత్తెడు ఎక్కువ వెడల్పు, నాలుగు వేళ్ళ మందం. తెప్పకు ఉన్నట్టే ముక్కు కాస్త పైకి లేపాడు.

అదీ ఇప్పుడు ఆ పిల్ల నెత్తిన ఉన్నది. ఇక కథలోకి రండి.

"దించు" అన్నాడు జోగయ్య.

"నీట్లో దించుతాను. తప్పుకో అయ్యా."

"ఒసే! నా మాటకి ఇలువ లేదేటి? తెప్ప మీద ఆడది కాలెట్టకూడదు. మా తాతల కాలం నించీ ఉన్నాది ఆ కట్టు."

"ఇది తెప్ప కాదు."

"బూరుగు కర్ర కాదేటి?"

"బూరుగే."

"సెక్కినోడు కూర్మయ్య మావ కాదేటి?"

"కూర్మయ్య తాతే."

"ఈ కంపేటి మరి? సొరసేప నూనె రాసినావా?"

"నువ్వు నీ తెప్పకి రాయవేటి? అలాగే రాసినాను. నిన్న రెండుపాలీలు పట్టించినాను."

"ఇంకా తెప్ప కాదంటావేటే!" అని జోగయ్య అరిచాడు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు.

జోగయ్య చెడ్డవాడు కాదు. ఎవరైనా అలా అనుకుంటే నాతో దెబ్బలాటకు రావచ్చు. పెళ్ళాం పోయినప్పుడు చిన్నతల్లికి ఏడాది నిండలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తిన ప్రతివాడినీ గుమ్మం బయటికి నడిపించిన మనిషి. కాకపోతే కులం కట్టు అంటే ప్రాణం పెడతాడు. ఆ కట్టు మీదే తన బతుకు నిలబడి ఉందని అతని నమ్మకం. కూతురి మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి రాయి అయిపోతాడు.

ఆ నవ్వు చిన్నతల్లికి గుచ్చుకుంది. పలక ఇసుకలోకి దించింది. కొంగు నడుముకు బిగించింది.

"నీ తెప్ప మీద నాకు సోటు లేదు. సరే, ఒప్పుకున్నాను. ఊహ తెలిసిన కాణ్ణించీ ఈ ఇసకలో కూకుని నీ కోసం సూస్తన్నాను. వస్తావో రావో తెల్దు. తెడ్డు పట్టుకుని కెరటం మీద నిలబడి నువ్వొస్తంటే 'జోగయ్యని సూడండర్రా, రాజులాగ వస్తన్నాడు' అంటాది ఊరు. ఆ మాటింటే నా గుండె ఇంతవుతాది. ఒక్కపాలి నాను అలాగ రాకూడదేటి? నన్ను సూసి నీ గుండె ఇంతవకూడదేటి? నాను నీ కూతుర్ని కాదేటి అయ్యా?"

అందరిముందూ కూతురు అలా అడుగుతుందని జోగయ్య కలలో కూడా అనుకోలేదు. కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. అందుకని తన మీద తనకే కోపం వచ్చింది.

ఇంతలో కులపెద్ద నూకయ్య వచ్చాడు. ఏ తెప్ప నీటిలో దిగాలో, ఏది దిగకూడదో చెప్పే అధికారం ఆ ఊళ్ళో ఇతనిది. జోగయ్యకు వరసకు బావ. బుర్రమీసాలు, భుజాన ఎర్ర తువ్వాలు, ఎవరేం చెప్పినా సగంలో తుంచేసే అలవాటు. దేవమణి ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు.

"నువ్వు పురుళ్ళు పొయ్యమ్మా, నీ పని నువ్వు సూసుకో. జోగయ్యా! ఆ కర్ర ఇరగ్గొట్టించు. తెప్ప మీద ఆడది ఎక్కితే గంగమ్మకి కోపమొస్తాది. రేపు వలలో సేప పడదు. ఎవుడు జవాబు సెప్తాడు?"

"నాను సెప్తాను."

పాకలోంచి కర్ర పొడుచుకుంటూ కూర్మయ్య వచ్చాడు. ఆ తీరంలో అతను చెక్కని తెప్ప లేదు. నూకయ్య ఎవరి మాటైనా తుంచేస్తాడుగాని ఈ ముసలాయన మాట తుంచలేడు. ఎందుకంటే నూకయ్య తెప్ప కూడా ఈయన చెక్కిందే.

"నూకయ్యా, నీ తెప్ప ఏదిరా?" అని అడిగాడు.

"అదిగో, ఒడ్డున లేదేటి?"

"నాకు అగుపడతాలేదు. అయిదు దుంగలు అగుపడతన్నాయి. వాటి మీద నీ పెళ్ళాం తాతమ్మ కూకుని సేపలు ఎండెడతన్నాది."

అందరూ అటు తిరిగారు. నిజమే. వేట నుంచి రాగానే తాళ్ళు విప్పేసి, దుంగల్ని విడివిడిగా ఇసుకలో ఆరబెట్టడం ఆ తీరంలో మామూలు. తడి కర్ర బరువెక్కుతుంది కాబట్టి ఆరకపోతే మర్నాటికి పనికిరాదు. ఆరుతున్న దుంగల మీద ఆడవాళ్ళు కూర్చుంటారు, కబుర్లు చెప్పుకుంటారు, చేపలు ఎండేస్తారు. మర్నాడు తెల్లవారాక మగవాళ్ళు దుంగల్ని చేర్చి, తాళ్ళు బిగించి, పసుపు కుంకాలు పెట్టాక ఆడది దాని దరికి రాదు. ఎవరూ ఏనాడూ దీన్ని విడమర్చి చెప్పుకోలేదు. అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు.

ఊరంతా తనవైపే చూస్తోందని గ్రహించి నూకయ్య భార్య తాతమ్మ చటుక్కున లేచి నిలబడింది. "ఓలమ్మో, నాను ఏటి సేసినాను?" అంది.

"నువ్వేటీ సెయ్యలేదు, కూకోయే" అన్నాడు కూర్మయ్య. "తాడు పడితే తెప్ప. తాడు పడనిది కర్ర. మా అయ్య నాకు సెప్పింది ఇదే, వాళ్ళయ్య ఆయనకి సెప్పిందీ ఇదే. ఈ పలకకి తాడు లేదు. రెండో దుంగ కూడా లేదు. సొరనూనె రాస్తే తెప్పయిపోతాదేటి? సొరనూనె నాను నా మోకాళ్ళకీ రాసుకుంటన్నాను."

ఈసారి నవ్వు నూకయ్య మీదికి మళ్ళింది. అతను మీసం నిమురుకున్నాడు. ఓడిపోయాననిపించుకోవడం అతని ఒంటికి పడదు.

"సరే, కర్రే. కర్ర మీద మడిసి నిలబడగలడేటి? దొర నిలబడ్డాడంటే ఆడిది దొర పలక. మూడు కెరటాలు ఇస్తన్నాను. మూడింట్లో ఒక్కదాని మీదైనా నిలబడి ఒడ్డుకి రావాల. లేదంటే ఆ కర్ర పొయ్యిలోకి. సిన్నతల్లీ, నువ్వు మళ్ళీ మోకాలు లోతు దాటి నీట్లో దిగకూడదు. బతికున్నన్నాళ్ళూ."

జోగయ్య ఏదో అనేలోపల చిన్నతల్లి "సరే మావా" అనేసింది.

పలక నీటిలో దిగింది. బోర్లా పడుకుని, రెండు చేతులతో తోసుకుంటూ, విరిగే కెరటాల కింద తల వంచి దూరి అవతలికి పోయింది. నీటిలో ఎక్కడ మెత్తన, ఎక్కడ సుడి అన్నది ఆ ఊరి పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. దొరకు రెండు రోజులు పట్టిన పని ఈ పిల్లకు అర గడియ పట్టింది. ఒడ్డున దేవమణి గర్వంగా చుట్టూ చూసింది.

మొదటి కెరటం వచ్చింది. పలక ముందుకు దూకింది. చిన్నతల్లి చేతులు ఆనించి లేవబోయింది. కాలు పెట్టిందో లేదో పాదం సర్రున జారి, వెల్లకిలా నీటిలో పడింది.

"ఒకటి" అన్నాడు నూకయ్య.

రెండో కెరటం పెద్దది. ఈసారి రెండు కాళ్ళూ పెట్టింది, నడుము కూడా సగం ఎత్తింది. రెండు పాదాలూ ఒక్కసారే జారాయి. గెడ్డం పలకకు కొట్టుకుంది. పలక ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో పడింది. పిల్ల కనిపించలేదు.

ఒక్క క్షణమే. అయితే ఆ క్షణం ఎంత పొడుగ్గా ఉందో జోగయ్యను అడగండి. తువ్వాలు విసిరేసి నడుము లోతు నీటిలోకి పరిగెత్తాడు. నురగలోంచి తల లేచింది. దగ్గుతోంది, పెదవి చిట్లి రక్తం కారుతోంది. జబ్బ పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చాడు.

"రెండు" అన్నాడు నూకయ్య. సరిగ్గా ఆ సమయానికే లెక్క చెప్పాలా? నాకైతే ఆ మనిషిని నీటిలోకి తొయ్యాలనిపించింది.

దేవమణి పెదవికి దూది అద్దుతూ పలక మీద చెయ్యి ఆనించింది. చెయ్యి జారిపోయింది. మళ్ళీ ఆనించి వేళ్ళు వాసన చూసుకుంది.

"చిన్నతల్లీ! నువ్వు నూనె రాసింది అడుగువైపు కాదా?"

"అడుగునీ రాసినాను, పైనీ రాసినాను. నీరు పట్టకుండా ఉండాల కదా అక్కా."

దేవమణి తల పట్టుకుంది. తప్పు ఆ పిల్లది కాదు, అలవాటుది. తెప్పకు పైనా కిందా నూనె పట్టిస్తారు, అయినా ఎవరూ జారిపడరు. ఎందుకంటే తెప్ప మీద నిలబడినవాడి కాలివేళ్ళు దుంగల మీది తాళ్ళను పట్టుకుని ఉంటాయి. ఇక్కడ పట్టుకోవడానికి తాడేదీ? ఆ సంగతి చెక్కిన కూర్మయ్యకూ తట్టలేదు, రాసిన పిల్లకూ తట్టలేదు.

"ఓరి దేవుడా!" అని దేవమణి ఉన్నట్టుండి లేచింది. "దొర పొద్దున్నే పలక మీద తెల్లటిదేదో రుద్దేవాడు. నేను సబ్బనుకున్నాను. సబ్బు రుద్దితే జారదూ? నాకు బుద్ధి ఉండొద్దూ? అది కొవ్వొత్తే, కొవ్వొత్తి మైనమే!"

పురుళ్ళ సంచీలోంచి సగం కాలిన కొవ్వొత్తులు రెండు తీసింది. కూర్మయ్య గోనెపట్టా తెచ్చి ఇసుకతో పలక పైవైపు గీకాడు. ముసలాయన చేతులు కుర్రవాడి చేతుల్లా ఆడాయి. నూనె పోయి కర్ర తేలాక, చిన్నతల్లి, దేవమణి చెరోవైపూ కూర్చుని మైనం రుద్దారు. అరచెయ్యి ఆనిస్తే ఈసారి పట్టుకుంది.

వాళ్ళు ఈ పనిలో ఉండగా జోగయ్య ఎప్పుడు వెళ్ళాడో, కొబ్బరితాడు చుట్ట పట్టుకుని వచ్చాడు. తన తెప్పకు కట్టే తాడే.

"దీన్ని పలక ముక్కుకి కట్టు. రెండో కొస నీ నడుముకి కట్టుకో. మునిగిపోతే పలకైనా నిన్ను తేలుస్తాది. ఒడ్డున నాను సూస్తంటాను" అన్నాడు.

నూకయ్య మొహం వెలిగిపోయింది. "కట్టు జోగయ్యా, కట్టు! మంచి మాట! బిగించి కట్టు!"

చిన్నతల్లి తాడు వైపు చూసింది, నూకయ్య వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"తాడు పడితే తెప్పవుతాది అయ్యా. అప్పుడు నాను దాని మీద కాలెట్టకూడదు."

"ఎట్టకు! ఒగ్గెయ్! ఇంటికి పోదాం రా! నువ్వు బతికుంటే సాలు నాకు!" అని జోగయ్య అరిచాడు. కళ్ళనీళ్ళు దాచుకోలేదు. "నూకయ్య గెలిస్తే గెలవనీ, నీ మాట పోతే పోనీ. నాకున్నది నువ్వొక్కర్తివే!"

"నీకు తాడు లేకుండా పోయిన రోజు లేదేటి అయ్యా? పోయినేడు గాలివానలో తెప్ప తాడు తెగి, ఒక్క దుంగ పట్టుకుని ఒడ్డుకొచ్చినావు. మూడు రోజులు నీకు జొరం. నాలుగోరోజు మళ్ళీ ఏటకెళ్ళినావు. ఎందుకెళ్ళినావంటే, 'ఇంట్లో కూకుంటే సంద్రం నన్ను గెలిసినట్టే' అన్నావు. నువ్వు సెప్పిందే నాను సేస్తన్నాను."

జోగయ్య చేతిలో తాడు చుట్ట ఉంది. కడితే కూతురు బతుకుతుంది, కూతురి కోరిక చస్తుంది. కట్టకపోతే ఏమవుతుందో గంగమ్మకే తెలియాలి. పలకను చూశాడు. పెదవి చిట్లిన పిల్లను చూశాడు. ఆ పిల్ల కళ్ళలో భయం ఉంది. భయం ఉండీ ఆ పిల్ల తల దించలేదు. అప్పుడతనికి తెలిసింది, ఈ పిల్ల అచ్చంగా తన పిల్లే అని. అది తెలియడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది మహానుభావుడికి.

తాడు తీసి ఇసుకలోకి విసిరికొట్టాడు.

"అయితే ఇనుకో" అన్నాడు. "నువ్వు తొందర పడతన్నావు. ముందొచ్చింది ఎక్కకు, దాని ఎనకాలదీ ఎక్కకు. అవి రెండూ ఇరిగి నీరు సదునైనాక, దూరంగా నల్లగా గీతలాగ లేస్తాది సూడు, అదీ నీది. అది నిన్ను ఎత్తిందాకా లేవకు. ఎత్తినాక ఆలోసించకు."

"నాకు అక్కణ్ణించి అగుపడదు అయ్యా."

"నాకు అగుపడతాది. నాను సెప్తాను. ఎల్లు."

చిన్నతల్లి మళ్ళీ నీటిలో దిగింది. ఒడ్డున ఎవరూ నవ్వడం లేదు. వలల దగ్గరివాళ్ళు లేచి వచ్చారు. చేపలు ఎండేస్తున్న తాతమ్మ కూడా మొగుడి పక్కన కాకుండా దేవమణి పక్కన వచ్చి నిలుచుంది. జోగయ్య మొలలోతు నీటిలో నిలబడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఒక కెరటం వచ్చింది. "ఒగ్గెయ్! ఎక్కకు!" అని అరిచాడు. ఇంకొకటి వచ్చింది, బాగా ఊరించేలాగే వచ్చింది. "ఒగ్గెయ్! ఒగ్గెయ్యమ్మా!" పలక దాని వీపు మీంచి ఎక్కి అవతలికి దిగింది. నీరు చదునుగా అయింది.

"తిరుగు! ఒడ్డు ఏపు తిరిగి తొయ్యి! గట్టిగా! గట్టిగా!"

నల్లటి గీత లేచింది. దగ్గరికొచ్చేసరికి అది పచ్చగా, తాటిచెట్టులో సగమంత అయింది. పలక తోక పైకి లేచింది.

"ఇదే! లేరా నా తల్లీ! లే!"

లేచింది. ముందు వంగి, తర్వాత మోకాళ్ళు విప్పి, చేతులు రెండూ చాచి, తడిసిన కొంగు వెనక కొట్టుకుంటుండగా, నా చిన్నతల్లి కెరటం మీద నిలబడింది. గేదె వీపంత ఆ అనాకారి పలక కింద నీరు పరిగెడుతోంది. పలక అటూ ఇటూ ఊగింది, పిల్ల ఊగలేదు. విరుగుతున్న నురగ ముందు ముందుగా, ఒడ్డు దాకా, మోకాలు లోతు నీటి దాకా, పలక అడుగు ఇసుకను గీరుకునే దాకా అలాగే నిలబడి వచ్చింది. దిగి నడిచింది.

దేవమణి ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. కూర్మయ్య చేతికర్ర గాలిలోకి విసిరాడు. "ఆ పలక సెక్కినోణ్ణి నాను! ఈ సేతులే!" అని కనపడ్డవాళ్ళందరికీ అరచేతులు చూపించాడు. ఎవరో వెనకనుంచి "జోగయ్య కూతుర్రా! అచ్చం జోగయ్యలాగే వచ్చినాది!" అన్నారు.

"నాలాగ కాదురా" అన్నాడు జోగయ్య గట్టిగా. "నాకు తెడ్డున్నాది, తాళ్ళున్నాయి, పక్కన ఇద్దరు మడుసులున్నారు. దానికేటున్నాది? నాకంటే బాగా వచ్చినాది నా కూతురు! ఇన్నారా? నాకంటే బాగా!"

అని కూతురి చేతిలోంచి పలక తీసుకుని, తన నెత్తిన పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో నెత్తిన బరువు మోసేది ఆడవాళ్ళే. మగవాడు కూతురి బరువు నెత్తికెత్తుకుని నడవడం ఎవరూ చూడలేదు. జోగయ్య మెడ నిటారుగా పెట్టి ఊళ్ళోకి నడిచాడు. పక్కన చిన్నతల్లి, వెనక జనం.

వీధి మొదట్లో నూకయ్య అడ్డం నిలబడ్డాడు.

"మాటంటే మాటే. నిలబడింది, ఒప్పుకున్నాను. కర్ర పొయ్యిలో ఎయ్యను. కానీ జోగయ్యా, కులపెద్దగా సెప్తన్నాను. ఆడది కెరటం దాటెల్లి వచ్చిన కర్ర ఇది. ఇది నీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీ తెప్ప మా తెప్పల ఎంట దిగదు. నీకు తాడు కట్టడానికి ఎవుడూ సెయ్యి ఎయ్యడు. పలక కావాలో, తెప్ప కావాలో, ఇక్కడే, ఇప్పుడే సెప్పు."

ముగ్గురు లేనిదే తెప్ప కదలదు. తెప్ప కదలనిదే జోగయ్య ఇంట్లో కుండ పొయ్యి ఎక్కదు. చిన్నతల్లి మొహం పాలిపోయింది. "అయ్యా, ఒద్దులే. నిలబడ్డాను కదా, సాలు. ఇరగ్గొట్టేద్దాం" అని చెయ్యి చాచింది.

జోగయ్య ఆ చెయ్యి పక్కకు తోశాడు. నూకయ్యను ఎగాదిగా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నీటి అంచు దాకా నడిచి, పలకను నెత్తిమీంచి దించి తడి ఇసుకలో పరిచాడు. పంచె ఎగ్గట్టి కచ్చ బిగించాడు.

"రేపట్నించి దీని మీదే ఏటకెల్తాను బావా. ఎవుడి సెయ్యీ అక్కర్లేదు నాకు" అన్నాడు. కూతురి వైపు తిరిగాడు.

"ఇలా రా సిన్నతల్లీ. దీని మీద ముందు ఏ కాలెయ్యాలో సెప్పు."